పాత ఇత్తడి గిన్నె, పిల్లాడి బట్టలు కొనొచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. మా ఆయనకి బదిలీ అయి శ్రీకాకుళం వచ్చాం. అన్నీ కొత్తవి కొనే స్తోమత ఇప్పుడు లేదు. ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లు ఇత్తడి గిన్నెలు, మిక్సీ, నాలుగేళ్ల పిల్లాడి బట్టలు అమ్ముతున్నారు. పెద్ద గిన్నె బుడితి (ఇత్తడి సామాన్లకి పేరున్న ఊరు) పని అంటున్నారు. బరువుగా, ముచ్చటగా ఉంది. కానీ లోపల అడుగున అరచేయంత నల్ల మచ్చ. వండుకోవచ్చాండీ?

జవాబు: తీసుకో అమ్మా, వదలకు. ఆ మచ్చ కళాయి, అంటే లోపలి తగరం పూత, పోయిన చోటు. అలాగే చింతపండు పులుసు పెడితే చిలుము దిగుతుంది, పెరుగూ వద్దు. ముందు కళాయి వేయించు. మా వీధిలోకి వచ్చే ఆయన గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం రుద్ది దూదితో తిప్పేవాడు. పొగ చెదిరేసరికి లోపలంతా వెండిలా మెరిసేది. అది చూడ్డానికే పరిగెత్తేవాళ్లం. ధర తూకం మీద మాట్లాడు, కళాయి ఖర్చు తగ్గించమను.

జవాబు: బట్టలు ఎండకి ఎత్తి చూడండి, పలచబడ్డ చోటు తెలిసిపోతుంది. చంకల కుట్లు, ఎలాస్టిక్ లాగి చూడాలి. వేడినీళ్లలో ఉతికి గట్టి ఎండలో ఆరేయండి. నూలువైతే ఉతికినకొద్దీ మెత్తబడతాయి. మా పాపకి మొదటి పక్కబట్ట మా నాన్నగారి పాత పొందూరు ఖద్దరు పంచే! మిక్సీ మాత్రం నానబెట్టిన పప్పు వేసి తిప్పించండి. కాలిన వాసనొస్తే వద్దు.

అడిగినవారు: గిన్నె, బట్టలు తెచ్చుకున్నాను. మిక్సీ వాసనొచ్చింది, వదిలేశాను. కళాయి వేసేవాళ్లు ఇక్కడ ఎక్కడుంటారండీ?