తల్లిదండ్రుల పెండ్లి చర్చిలో కాలేదని బిడ్డకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఆపొచ్చా?

నల్లగొండ తమ్ముడు:
మా అక్క ఆర్సీఎం (రోమన్ కతోలిక), బావ హిందువు. రెండేళ్ల కింద మిర్యాలగూడలో ఫంక్షన్ హాల్లో పంతులుతో పెండ్లి చేశారు, తర్వాత రిజిస్ట్రేషన్ అయింది. ఇప్పుడు పాపకు ఐదో నెల. జ్ఞానస్నానం ఇప్పిద్దామని అమ్మ విచారణ గురువుల (మా చర్చి ఫాదర్ గారి) దగ్గరికి పోతే, "ముందు వాళ్ల పెండ్లి సరిచేసుకోండి, తర్వాత పాపను తీసుకురండి" అన్నారట. అప్పటి నుంచి అమ్మకు ఒకటే ఏడుపు. కొన్న తెల్ల ఫ్రాక్ కవర్ కూడా విప్పకుండా బీరువాలో ఉంది. బావకేమీ అభ్యంతరం లేదు. ఇంకోటి, మా బాబాయి బాప్టిస్టు, ఆయన్ని జ్ఞానతండ్రిగా (గాడ్‌ఫాదర్‌గా) పెట్టొద్దన్నారు. చర్చి చట్టంలో నిజంగా ఇలాగే ఉందా? దయచేసి ప్రసంగం వద్దు, రూలేంటో చెప్పండి.

దేవరకొండ పెద్దాయన:
ఫాదర్ గారి తప్పేముంది బాబూ? జ్ఞానస్నానం లేనివాళ్లను చేసుకోవాలంటే మేత్రాణుల (బిషప్ గారి) మినహాయింపు ఉండాలి, లేకపోతే ఆ పెండ్లి చెల్లదు. చర్చి చట్టంలో కానన్ (సెక్షన్) 1086. గురువు, ఇద్దరు సాక్షుల ముందు జరగాలని 1108. మీ అక్కకు ఇవన్నీ తెలియకనా? మా దగ్గర చూస్తున్నాం, జ్ఞానస్నానానికి ఫొటోగ్రాఫర్‌తో సహా వస్తారు, మళ్లీ కనిపించేది మొదటి సత్ప్రసాదానికే (కమ్యూనియన్‌కే).

ఉపదేశి మనవరాలు:
పెద్దాయనా, మీరు చెప్పిన రెండూ నిజమే, కానీ అవి పెండ్లి రూల్స్, పాప రూల్ వేరే ఉంది. 1983 చట్టంలో కానన్ 868 పసిపిల్లల జ్ఞానస్నానానికి రెండే అడుగుతుంది: తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి ఒప్పుదల, బిడ్డ కతోలిక విశ్వాసంలో పెరుగుతుందన్న ఆధారమున్న నమ్మకం. తల్లిదండ్రుల పెండ్లి చర్చిలో అయ్యుండాలని అందులో లేదు. ఆ నమ్మకం బొత్తిగా లేకపోతే వాయిదా వేయాలి, అదీ కారణం చెప్పి. ఆ హామీ తల్లిదండ్రులే కాదు, దగ్గరి బంధువులు కూడా ఇవ్వొచ్చని రోము 1980లోనే చెప్పింది. అంటే తమ్ముడూ, మీ అమ్మ మాటకు విలువుంది.

బాబాయి విషయంలో మాత్రం ఫాదర్ గారిదే కరెక్టు. జ్ఞానతండ్రి కతోలికుడై, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) తీసుకుని, మామూలుగా 16 ఏళ్లు నిండి ఉండాలి. అయితే ఒక కతోలికుడు జ్ఞానతండ్రిగా ఉంటే, మీ బాబాయి పక్కన సాక్షిగా నిలబడొచ్చు (874). ఈ సంగతి మీకు చెప్పి ఉంటే గొడవ సగం అక్కడే తీరేది.

పెండ్లి కూడా వదిలేయకండి. అది సరయ్యే దాకా అక్క సత్ప్రసాదం తీసుకోవడానికి ఇబ్బందే. మళ్లీ పెండ్లి పీటలెక్కడం బావకు ఇష్టం లేకపోతే 1161 ఉంది, వాళ్లిద్దరి సమ్మతి ఇంకా అలాగే ఉంటే మళ్లీ ప్రమాణాలు చేయించకుండానే మేత్రాణులు ఆ పెండ్లిని మూలం నుంచి సరిచేయొచ్చు. అర్జీ విచారణ గురువుల ద్వారా నల్లగొండ మేత్రాసనానికి (బిషప్ గారి ఆఫీసుకు) పోతుంది. పిల్లల్ని కతోలికులుగా పెంచడానికి చేతనైనంత చేస్తానని మాటివ్వాల్సింది అక్క. బావకు ఆ సంగతి తెలిస్తే చాలు, మతం మారమని ఎవరూ అడగరు.

దేవరకొండ పెద్దాయన:
కాగితం మీద బాగానే ఉందమ్మా. ఆదివారం ఆ పిల్లను పూజకు తీసుకుపోయేదెవరు? ఫాదర్ గారికి ఉండాల్సిన నమ్మకం అదే కదా.

నల్లగొండ తమ్ముడు:
మా అమ్మే పెద్దాయనా. అక్క వాళ్లుండేది మా వెనక వీధిలోనే.

పాలమూరు ఆటో:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మా వాడి జ్ఞానస్నానమప్పుడు మూడేళ్ల చందా బాకీ కడితేనే డేటు ఇస్తామన్నారు. ఇదీ చట్టమేనా?

ఉపదేశి మనవరాలు:
కాదు అన్నా. చందా కట్టడం మన బాధ్యతే, కానీ నిర్ణయించిన కానుకకు మించి సంస్కారానికి ఏమీ అడగొద్దని, పేదరికం వల్ల ఎవరికీ సంస్కారం అందకుండా పోకూడదని 848. మర్యాదగానే అడగండి, కానీ అడగండి.

నల్లగొండ తమ్ముడు:
బుధవారం అమ్మ, నేను మళ్లీ పోయాం. కానన్ నంబర్లేవీ ఎత్తలేదు, నాకు ధైర్యం చాలలేదు. పాపను నేనే పూజకు తెస్తానని అమ్మ అంటే ఫాదర్ గారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ మాటే రాసివ్వమన్నారు, బావను ఆదివారం ఒకసారి రమ్మన్నారు. డేటు ఇంకా ఇవ్వలేదు. అమ్మ మాత్రం ఫ్రాక్ ఉతికి ఇస్త్రీ చేసి పెట్టింది, నెల ఆగితే చేతుల దగ్గర బిగుతవుతుందని ఇప్పుడు అదో టెన్షన్.