సమస్య: "తీగ లేని కత్తి తీగ గోసె"

రాయగడ తమ్ముడొకరు ఇంటి కంచె కత్తిరించడానికి కార్డ్‌లెస్ ట్రిమ్మర్ (వైరు లేకుండా బ్యాటరీతో నడిచే కత్తెర మిషన్) ఏది కొనాలని అడిగారు. ఆ మాటలోనే ఈ వారం సమస్య, అంటే మీరు పద్యంగా పూరించాల్సిన పాదం, దొరికింది. ఇది ఆటవెలది నాలుగో పాదం. మిగతా మూడూ మీవి. కొన్నవాళ్ళు అనుభవం కూడా రాయండి.

బరంపురం సభ్యులు:

తీగ మిషను తెచ్చి తీగనే తెగగోసి
బెదరి దాని మూల బెట్టినాను
బ్యాటరీది వచ్చె, పాదుల గుబురులో
తీగ లేని కత్తి తీగ గోసె

ఇది నిజంగా జరిగింది. కరెంటు మిషన్‌తో మందార కంచె కోస్తూ దాని వైరే తెంపేశాను. ఫ్యూజు పోయింది కాబట్టి సరిపోయింది. పద్యంలో బ్యాటరీ అనొచ్చా గురువుగారూ?

నిర్వాహకుడు: నిస్సందేహంగా. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం పోరాడారు. ఆ ఊరు 1936లో ఒడిశాలో కలిసినా ఆయన మాట మనకు చెల్లుతుంది. 'బ్యా–పా' యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) కూడా చక్కగా కుదిరింది.

గుణుపురం మాస్టారు:

పంటి సందు చూసి బరువును తూచితి
చేతి వాటమైన చిన్నదాన్ని
ఏరి తెచ్చుకొంటి నింటి గోరింటకు
తీగ లేని కత్తి తీగ గోసె

తమ్ముడూ, వోల్టులకన్నా ముందు బ్లేడు పళ్ళ మధ్య సందు చూడు. సందు 15 మిల్లీమీటర్లుంటే అంతకన్నా లావు కొమ్మ అందులో దూరనే దూరదు. ముదిరిన గోరింట కొమ్మలకు చేతి కత్తెరే గతి. ఇక బరువు. షాపులో చేతులు చాచి రెండు నిమిషాలు పట్టుకో. మూడు కిలోలు అప్పుడు తెలుస్తాయి. నడుమెత్తు కంచెకు 45 సెంటీమీటర్ల బ్లేడు చాలు. బ్యాటరీ 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లంటే అందులో పట్టే శక్తి 36 వాట్ అవర్లు. ఇంటి కంచెకు సాధారణంగా సరిపోతుంది. డ్రిల్లు ఇప్పటికే ఉంటే అదే బ్యాటరీ పట్టే మిషన్ తీసుకో, ఖర్చు కలిసొస్తుంది. తక్కువ ధర కనిపిస్తే బ్యాటరీ, ఛార్జర్ కలిపే ఇస్తున్నారా అని తప్పకుండా అడుగు.

నిర్వాహకుడు: మాస్టారూ, సలహా బంగారం. పద్యంలో మాత్రం అన్వయం జారింది. గోరింట పొద, తీగ కాదు. మూడో పాదం "ఏరి తెచ్చుకొంటి నింటిగోడల మీద" అంటే తీగకు చోటు దొరుకుతుంది.

మాస్టారు: ఒప్పుకుంటున్నాను. కానీ గోడకు బ్లేడు తగలనివ్వకండి, పళ్ళు పోతాయి.

పర్లాకిమిడి అక్కయ్యగారు: నాకు అదే జరిగింది, గోడతో కాదు.

ఇనుప కంచె మీద నెగబాకె బచ్చలి
చూడకుండ నేను చొరవ జూపి
పట్టి నొక్కగానె పళ్ళు వంకరవోయె
తీగ లేని కత్తి తీగ గోసె

నిర్వాహకుడు: మొదటి రెండు పూరణల్లోనూ తీగంటే మొక్కే. మీరు ఇనుప తీగను పట్టుకున్నారు, సమస్య పూర్తిగా విడిపోయింది. 'వంకరవోయె' దగ్గర గసడదవాదేశం ('పోయె'లో ప, వ కావడం) కూడా సరిగ్గా పడింది. ఈ వారం నాకు నచ్చినది ఇదే.

అక్కయ్యగారు: ఇంకో మాట. పళ్ళలో పుల్ల ఇరుక్కుంటే బ్యాటరీ ఊడదీశాకే చెయ్యి పెట్టాలి. వైరు లేదు కదా అని ధీమాగా ఉంటాం, మీట తగిలితే వేళ్ళు పోతాయి. పనయ్యాక జిగురు తుడిచి నూనె రాయాలి.

రాయగడ తమ్ముడు: మా కంచె లోపల నాన్నగారు కట్టిన ముళ్ళ తీగ ఉంది, ఆకుల్లో కనబడదు. మిషన్ కొనేముందే ఆదివారం దాన్ని తీసేస్తాను. కోసిన గోరింటాకు ఆషాఢానికి మా అమ్మాయి అడిగి పెట్టుకుంది.