కియాంటీ కొండల్లో కుక్కలతో నడక: ఏప్రిలా, సెప్టెంబరు చివరా?

కొండదారి:
ఇటలీలో ఫ్లారెన్స్‌కీ సియెనాకీ మధ్య కియాంటీ ద్రాక్షతోటల్లో అయిదు రోజులు నడవాలని ప్లాన్. గ్రేవె, పాన్‌జానో, రాద్దా, గాయోలే ఊళ్ల వరుసలో, రోజుకు 12 కిలోమీటర్లకు మించకుండా. రెండు కుక్కలు, ఒకటి 20 కిలోలు, ఇంకోటి 8. ఏప్రిల్ మంచిదా, సెప్టెంబరు చివరా? కుక్కలకు ద్రాక్ష విషమంటారు, నిజంగా అంత భయపడాలా?

తోకూపు:
భయపడాల్సిందేనండి. ఇన్ని పళ్ల దాకా ఫర్వాలేదు అనే లెక్క లేదు. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే కారణమని ఇప్పుడు పశువైద్యులు ఎక్కువగా అనుమానిస్తున్నారు. అది ద్రాక్ష రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి మారుతుంది. అందుకే ఒక కుక్క గుత్తి తిని నిక్షేపంగా తిరిగితే, ఇంకోదానికి నాలుగు పళ్లకే కిడ్నీలు పోవచ్చు. తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా వెంటనే, వీలైతే రెండు గంటల్లోపు, డాక్టరు దగ్గర కక్కించాలి. కిడ్నీ దెబ్బ బయటపడేది 1 నుంచి 3 రోజులకి, అప్పటికి చేయి దాటిపోతుంది. ఉప్పునీళ్లు పట్టి మీరే కక్కించే పని మాత్రం పెట్టుకోవద్దు.

సెప్టెంబరు చివరంటే సాంజొవేజె (కియాంటీ వైన్‌కు వాడే ఎర్ర ద్రాక్ష) కోతల కాలం. గుత్తులు కుక్క మూతికి అందే ఎత్తులోనే వేలాడతాయి, కింద రాలినవి సరేసరి. కోతయ్యాక పిప్పి కుప్పలొకటి: తొక్కలూ గింజలూ పులుస్తుంటాయి, అంటే ద్రాక్షకు తోడు ఆల్కహాలు. తిండిపోతు కుక్కయితే సాళ్లలోకి తీసుకెళ్లకుండా తెల్ల కంకర రోడ్ల మీదే నడిపించండి. ఆకుల మీద నీలిపూత కనిపిస్తే రాగి మందు కొట్టారన్నమాట. పాదాలు తడిగుడ్డతో తుడవండి, లేదంటే నాకేస్తాయి.

గుట్టెక్కు:
వేట మాటేమిటి? అక్కడ వేట సీజను సెప్టెంబరు మూడో ఆదివారం మొదలై జనవరి 31 దాకా. మంగళ, శుక్రవారాలు నిషేధం, ఇటలీ 1992 వేట చట్టంలోనే ఉంది. రాద్దా నుంచి గాయోలే లాంటి అడవి దారులను ఆ రెండు రోజులకు పెట్టుకోండి. మిగతా రోజుల్లో మీకూ కుక్కలకూ నారింజ జాకెట్. కంచె లేని ప్రైవేటు పొలాల్లోకీ వేటగాళ్లు రావచ్చు, కాబట్టి తోటలోనే ఉన్నాం కదా అనే ధీమా వద్దు.

తోట అంచున నేలకు దగ్గరగా రెండు వరసల సన్నతీగ ఉంటే, అది అడవి పందుల కోసం పెట్టిన కరెంటు కంచె. మనకు మోకాలి కింద, కుక్కకు సరిగ్గా ముక్కు ముందు. షాక్ తగిలితే వెనక్కి గుంజుకుని మెడపట్టీలోంచి జారిపోతుంది. మెడకు కాక ఛాతీకి చుట్టే హార్నెస్ వేయండి. ఊళ్లలో లీష్ (కుక్కను పట్టుకునే తాడు) ఒకటిన్నర మీటరు దాటకూడదు, మూతిబుట్ట కూడా వెంట ఉండాలి.

తోకూపు:
నా ఓటు ఏప్రిల్‌కే, కానీ పైన్ చెట్ల కింద జాగ్రత్త. కొమ్మల్లో తెల్లటి పట్టుగూళ్లు కనిపిస్తే, గొంగళి పురుగులు ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి వరసగా నేల మీద పాకుతుంటాయి. వాసన చూసిన కుక్కకు నాలుక వాచి, కణజాలం చచ్చిపోతుంది. రుద్దకుండా ఎక్కువ నీళ్లతో కడిగి, నేరుగా డాక్టరు దగ్గరికే.

కొండదారి:
మరి మే చివర?

గుట్టెక్కు:
గొంగళ్లు పోతాయి, గడ్డి ఎండుతుంది. ఎండిన వెన్నుల్లోని సన్నని ముల్లు ముందుకే దూసుకుపోతుంది, వెనక్కి రాదు. రోజూ సాయంత్రం వేళ్ల సందులు, చెవులు వెతకండి. ఆగకుండా తుమ్ముతుంటే ముక్కులోకి పోయిందని అనుకోవాలి. 20 కిలోల దానికి రోజుకు రెండు లీటర్ల నీళ్లు లెక్కేసుకోండి, దారిలో కుళాయిలు దొరుకుతాయని నమ్ముకోవద్దు. మే నుంచి పొద్దుగూకాక ఇసుక ఈగలు, వాటితో లీష్మానియా అనే పరాన్నజీవి జబ్బు. ఆ ఈగలను తరిమే డెల్టామెత్రిన్ మందు మెడపట్టీ వారం ముందే కట్టండి, బయల్దేరే రోజు కడితే అంత త్వరగా పనిచేయదు.