మామిడి చెట్ల కింద అడవి పూలే వేయాలా, నర్సరీ మొక్కలు చాలవా?

విజయనగరం సభ్యురాలు:
మా పెరట్లో పాత మామిడి చెట్లున్నాయి. వాటి కింద గడ్డి కూడా నిలవడం లేదు. అక్కడ తూర్పు కనుమల అడవుల్లో సహజంగా పెరిగే పూల మొక్కలనే వేయాలని నా ఆలోచన. ఇంట్లోవారు మాత్రం నర్సరీలో దొరికే సింగోనియం, రియో, వెడీలియా వేస్తే సరిపోతుందంటున్నారు. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

నర్సరీ నడిపే సభ్యుడు:
అడవి పూల మీద మక్కువ మంచిదే గాని, వాటిలో చాలా భాగం తొలకరికి లేచి, సంక్రాంతి నాటికి నేలలోకి వెళ్ళిపోతాయి. ఆపై మృగశిర కార్తె దాకా మీకు కనిపించేది ఖాళీ నేలే. సింగోనియం, రియో అమెరికా ఖండాల నుంచి వచ్చినవే అయినా ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి. పైగా అడవి మొక్కలు అమ్మేవారు అరుదు కనుక, ఈ మోజు ముదిరితే జనం గునపం పట్టుకుని అడవికే వెళ్తారు.

పాడేరు వైపు సభ్యుడు:
గునపం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా మొక్క తవ్వడం నేరం కూడా. ఖాళీ నేల మాటా నిజమే గాని, దాన్ని లోపంగా లెక్కకట్టడంతోనే నాకు పేచీ. మన కొండల్లో అడవి పసుపు, నేలతాడి వంటి దుంప జాతులు వేసవంతా నేలలో దాగి, మొదటి వానలకు మొలకెత్తి, పైన ఆకు దట్టమై నీడ చిక్కబడే లోపు దొరికిన వెలుతురును వాడుకుంటాయి. మామిడి ఆకంతా ఒక్కసారి రాల్చే చెట్టు కాదు కనుక, వీటిని మొదలు దగ్గర కాక, కొమ్మల అంచున పొద్దుటి ఎండ తగిలేచోట నాటాలి.

ఏడాదంతా పచ్చదనమే కావాలంటే కనకాంబరం ఉండనే ఉంది. జడలో పెట్టుకునే పువ్వు కాబట్టి దాన్ని తోట మొక్కగానే చూస్తాం గాని, అది దక్షిణ భారతపు సొంత మొక్క, పలుచని నీడలో హాయిగా పూస్తుంది. ఎండిన కంకి మీద నీటి చుక్క పడితే కాయ టప్పున పగిలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి. ఒకసారి నాటుకుంటే తానే విస్తరిస్తుంది. ఢిల్లీ కనకాంబరం మాత్రం గింజ కట్టదు, కొమ్మలు నాటాల్సిందే. దాని పక్కన తెల్ల చిత్రమూలం వేస్తే, జీబ్రా బ్లూ అనే చిన్న సీతాకోకచిలుక మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. ఆ మొక్క వేరు రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, చేతి తొడుగులు వేసుకోండి.

రియో సంగతి నేను పట్టించుకోను, కుండీలో ఉన్నా పర్వాలేదు. వెడీలియా మాత్రం వద్దే వద్దు. ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతూ పాకే ఈ మొక్క, ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. పెరటి గోడ దాటి పంటకాలువ గట్టు చేరిందంటే దాన్ని పెరికేవారెవరు?

నర్సరీ నడిపే సభ్యుడు:
వెడీలియా గురించి వాదించను. అయితే నీడ కన్నా మామిడి వేర్లతోనే అసలు చిక్కు. నేల పైపైనే పరచుకున్న పీచువేర్లు ఏ చిన్న మొక్కకూ తడి మిగలనివ్వవు.

పాడేరు వైపు సభ్యుడు:
అందుకే మడి తవ్వకూడదు, పైన మట్టి దిబ్బ పోయకూడదు. మొదలు చుట్టూ మట్టి ఎత్తితే బెరడు కుళ్ళుతుంది. వేర్ల మధ్య సందు చూసి చిన్న గుంట చేసి నాటి, రాలిన ఆకును ఊడ్చి కాల్చకుండా అక్కడే పరచండి. నడిచే దారి పొడవునా మాత్రం ఆకు తీసేయండి, పాము పుట్ర కనిపించాలి కదా.

విజయనగరం సభ్యురాలు:
ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అడవినాభి వేయవచ్చా?

పాడేరు వైపు సభ్యుడు:
వద్దండి. ఎరుపు పసుపు రేకులు ఎంత ఆకర్షించినా, దానిలోని కాల్చిసిన్ ప్రాణాంతక విషం, దుంప మరీ ప్రమాదకరం. పైగా దానికి పాకేందుకు ఊతమూ, మీ మామిడి కింద దొరకనంత ఎండా కావాలి.