“అక్కడితో ఆట సరి…” చివర ఉన్నది సుమానా, సుమీనా?

గోరింటపొద:
రెండు రోజులుగా ఒక వాక్యం తల్లో తిరుగుతోంది. చివరి ముక్క దగ్గరికొచ్చి తెగిపోతోంది. మీలో ఎవరైనా అందుకుంటారని ఇక్కడ పెడుతున్నాను.

బాస్కెట్‌బాల్ మీద వచ్చిన జపనీస్ బొమ్మలకథ స్లామ్ డంక్ మళ్లీ చదువుతున్నాను. అందులో మిత్సుయి అనే ఆటగాడు మోకాళ్ల మీద పడి ఏడ్చే చోటు వచ్చింది, పుస్తకం మూసేశాను. వాళ్ల కోచ్ అన్‌జాయ్ మాస్టారి మాట గుర్తొచ్చి ఇక ముందుకు కదల్లేదు. మా హాస్టల్లో బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన నీళ్ల ట్యాంకు ఉండేది. దాని గోడ మీద మా సీనియర్ అక్క ఒకావిడ ఆ మాటను తెలుగులో రాసింది, ఇటుకముక్కతో, జానెడు అక్షరాలతో. “వదిలేసుకుంటే అక్కడితో ఆట సరి ____”. రెండేళ్లపాటు రోజూ సాయంత్రం దాని కిందే కూర్చుని షూ లేసులు కట్టుకున్నాను. తర్వాత గోడకు సున్నం వేశారు. ఇప్పుడు ఆ ఖాళీలో ఏముందో గుర్తురావడం లేదు. “రా” అయితే కాదు. సుమానో, సుమీనో.

మీ చెవికి అక్కడ ఏది కూర్చుంటుంది? జపనీస్ మూలంలో చివర నొక్కి చెప్పే “యొ”కు తెలుగులో జోడీ ఏది?

పాతపలక:
గోరింట గారూ, ముందు ఏ మూలం? ఆ మాట కథలో రెండు చోట్ల వస్తుంది, రెండూ ఒకటి కావు. మిడిల్ స్కూల్ ఫైనల్లో బంతి కోర్టు దాటి వెళ్తే అన్‌జాయ్ తీసి మిత్సుయి చేతికిస్తూ అన్నది “అకిరమెతర సొకొదె షియయి షూర్యో దయొ”. ఎన్నో ఏళ్ల తర్వాత సన్నో స్కూల్‌తో మ్యాచ్‌లో, ఇరవైకి పైగా పాయింట్లు వెనకబడ్డాక, సకురగితో అన్నది “దెసుయొ”. దాని వెనక ఒక ప్రశ్నార్థకం కూడా ఉంది. జపాన్‌లో అందరి నోళ్లలో నానింది ఈ రెండోదే.

“ద” అంటే పెద్దాయన పిల్లవాడితో మాట్లాడే చనువు. “దెసు” అంటే మర్యాద. తన ఆటగాడితో, అదీ ఎర్రజుట్టు అల్లరోడితో, ఆయన మర్యాదగా మాట్లాడుతున్నాడు. ఒకప్పుడు తెల్లజుట్టు రాక్షసుడని పేరుపడ్డ కోచ్, ఇప్పుడు తెల్లజుట్టు బుద్ధుడు. ఆ మార్పంతా ఒక్క “దెసు”లో ఉంది. అక్కయ్య రాసింది మిత్సుయి మాటా, సకురగి మాటా? అది తేలితే మీ ఖాళీ నిండుతుంది.

ఏటిగట్టు:
నా ఓటు సుమీకే. “వదిలేయడం” గురించి తెలుగులో మాట్లాడాలంటే భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన లక్ష్మణకవిని దాటి వెళ్లలేం కదా.

ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

మొదలుపెట్టనివాళ్లు, మొదలుపెట్టి మానేసేవాళ్లు, దెబ్బ మీద దెబ్బ తిన్నా వదలనివాళ్లు. సన్నో మ్యాచ్ రెండో సగమంతా ఈ పద్యంలోనే ఉంది. ఆ అక్క ఈ పద్యం బళ్లో బట్టీపట్టే ఉంటుంది. గోడ దగ్గర నిలబడి ఇటుకముక్క పట్టుకున్నప్పుడు చేతికి తనంతట తానే వచ్చేది సుమీయే.

గణవిభజన:
పద్యం నాకూ ప్రాణమే. కానీ ఆ సుమీ మీద అంత బరువు వేయకండి. శార్దూలంలో నాలుగోది సగణం. “ఉజ్జగింపరు”లో “రు” మిగిలిపోయింది. దాని వెనక ఒక లఘువు, ఒక గురువు పడితే గాని గణం నిండదు, పదమూడో అక్షరం దగ్గర ప్రా-ప్ర యతి కుదరదు. రు-సు-మీ. అది పాదపూరణం.

ఏటిగట్టు:
పాదపూరణమే అయితే సుమా వేసినా సరిపోయేదిగా? అదీ లఘువు, గురువే. యతి చెడదు, ప్రాసతో పేచీ లేదు. ఎంచుకునే వీలుండీ మీ వేశాడంటే కవి చెవికి ఏదో వినపడింది.

గణవిభజన:
ఇది బాగుంది. ఒప్పుకుంటున్నాను. అయితే ఆ వినపడిందేమిటో చెప్పండి.

ఏటిగట్టు:
సుమా హెచ్చరిక. “జారుతుంది సుమా” అంటాం. సుమీ దగ్గరకు తీసుకుని చెప్పడం. నా చెవికి ఎప్పుడూ అలాగే వినిపించింది.

తాటాకు:
నిఘంటువులు ఆ తేడా చూపవు, ఏటిగట్టు గారూ. రెంటికీ అర్థం ఒకటే ఇస్తాయి. అసలు ఈ సుమీ ఎక్కడిదో భర్తృహరిలో వెతకాలి. “ప్రారభ్యతే న ఖలు విఘ్నభయేన నీచైః”. మన సుమీ లాంటి ఆ ఖలు చూశారా? సంస్కృతంలో అది మొదటి పాదంలో, నీచుల దగ్గర ఉంది. నాలుగో పాదంలో ఏ నొక్కూ లేదు, “న పరిత్యజంతి” అని ఊరుకున్నాడు. లక్ష్మణకవి ఆ నొక్కును నీచుల దగ్గర నుంచి తీసి ఉత్తముల దగ్గర పెట్టాడు. కాబట్టి అది పాదపూరణం కాదు. చేయనివాణ్ణి తిట్టడం కంటే వదలనివాణ్ణి చూపించడం ముఖ్యమనుకున్న అనువాదకుడి తీర్పు. ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా భర్తృహరిని తెలుగు చేశారు, అయినా జనం నాలుక మీద నిలిచింది ఈయన పద్యాలే. ఇలాంటి చోట్లే కారణం దొరుకుతుంది.

నీలిసిరా:
ఖలు సంగతి ఎప్పుడూ గమనించలేదు, తాటాకు గారూ. చాలా సంతోషం.

కానీ స్లామ్ డంక్ గీసిన ఇనొఉఎ తకెహికొ గురించి మాట్లాడుతూ వాక్యాల దగ్గరే ఆగిపోతున్నామేమిటి? 1990 నుంచి 1996 దాకా, 31 సంపుటాలు నడిపి, ఆ చివరి ఘట్టాన్ని దాదాపు మాటల్లేకుండా గీశాడాయన. బంతి, చేతులు, కళ్లు, అంతే. నా మటుకు ఆయన శిఖరం ఆయనదే ఇంకో బొమ్మలకథ, వాగబాండ్. కత్తివీరుడు సాసకి కొజిరోను చెవిటి, మూగవాడిగా మలిచి, సంపుటాల తరబడి మాట పలకని మనిషి చుట్టూ కథ నడిపాడు. వాన చినుకు పడితే కొజిరో తల ఎత్తి చూసే తీరులోనే అతనికి లోకం ఎలా అందుతుందో తెలిసిపోతుంది. తర్వాత తర్వాత కలం వదిలి కుంచె పట్టాడు, గడ్డిపోచ కూడా ఊపిరి తీస్తున్నట్టుంటుంది. 2015 నుంచి ఆగిపోయింది. నేను ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను.

పాతపలక:
వాగబాండ్ గొప్పదే. కానీ ఆగిపోయినదాన్ని శిఖరం అనలేను. చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ మీద రాసిన రియల్ చదివారా? ఓడిపోయాక మనిషి తనను తాను ఎలా మోసుకు తిరుగుతాడో అందులో ఉన్నంత నిజంగా స్లామ్ డంక్‌లోనూ లేదు. ఇంకొకటి, ఈ జపనీస్ బొమ్మలకథలను మీరంతా మాంగా మాంగా అంటున్నారు గాని…

గణవిభజన:
ఇంతవరకూ ఎవరూ అనలేదు, మీరే మొదలుపెట్టారు. అది మాంగా కాదు, మంగ. జపనీయంలో మ, న్, గ, మూడు మాత్రలు. తెలుగులో “మం” గురువు, “గ” లఘువు, కలిపి మూడు మాత్రలు. అచ్చంగా సరిపోయింది. మాంగా అంటే నాలుగవుతాయి. ఆ రెండు దీర్ఘాలూ ఇంగ్లిషు నోటి మీదుగా వచ్చినవి.

నీలిసిరా:
లెక్క సరే. కానీ “నేను మంగ చదువుతున్నాను” అంటే మా అమ్మ ఎవరా మంగ అని అడుగుతుంది. వాడుక దీర్ఘానికి అలవాటుపడింది, దాన్ని ఇప్పుడు కుదించలేం.

గణవిభజన:
వాడుకకు దండం పెడతాను. కానీ మనకున్న వరం చూడండి. హ్రస్వ ఎ, హ్రస్వ ఒ రెండూ మన లిపిలో ఉన్నాయి. “సొకొదె” అని ఒక్క దీర్ఘం లేకుండా రాయగలం. దేవనాగరిలో రాసేవాళ్లకు ఆ సుఖం లేదు. అంతటి లిపి చేతిలో పెట్టుకుని “యో” అని సాగదీయడం ఎందుకు? “యొ”. పొట్టిగా, గట్టిగా.

తాటాకు:
“అకిరమెరు” అనే ఆ క్రియను కంజీలో, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల్లో, రాస్తే వచ్చే అక్షరం ఏమిటో తెలుసా? చైనా బౌద్ధులు “సత్యం” అనే మాటకు వాడిన అక్షరమే. నాలుగు ఆర్యసత్యాల్లోనూ అదే ఉంది. స్పష్టంగా చూడటం అనే అర్థం కాలక్రమంలో ఆశ వదులుకోవడంగా మారింది. తెజుక గీసిన బొమ్మలకథ “బుద్ధ” చదివినప్పుడల్లా నాకు ఇదే తలపుకొస్తుంది. సిద్ధార్థుడి కథ అని తెరిస్తే ముందుగా ఎదురయ్యేది చప్రా, తత్తా, రచయిత కల్పించిన అట్టడుగు పిల్లలు. మన దగ్గర బుద్ధుడి కథ చెప్పేవాళ్లు లుంబినిలో మొదలుపెడతారు. తెజుక ఆకలితో మొదలుపెట్టాడు. 1972లో మొదలై పదకొండేళ్లు సాగిన ఆ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన సాహసం అదే.

గోరింటపొద:
అందరికీ దండాలు. మంగ, మాంగా సంగతి వేరే చోట పెట్టుకుందామా? నాకింకా “సరి” దగ్గరే ఉంది.

ఇంగ్లిషు మీదుగా తెలుగు చేసేవాళ్లు ఈ మాటను “ఆశ వదిలితే ఓడిపోయినట్టే” అంటున్నారు. మూలంలో ఓటమి అనే మాటే లేదు. “షియయి షూర్యో”, ఆట ముగింపు. రిఫరీ విజిల్ వేస్తే ఏమంటారో అదే. అంటే గడియారంలో ఇంకా టైం ఉన్నా, నువ్వు వదిలిన క్షణాన విజిల్ నువ్వే వేసినట్టు. మా అక్క “ఓటమి” అని రాయలేదు, “సరి” అని రాసింది. “దాంతో సరి” అన్నప్పుడు ఉండే ఆ తలుపు మూసుకున్న చప్పుడు ఆవిడకు తెలిసింది. అందుకే ఆ చివరి అక్షరం కూడా ఆవిడ ఊరికే రాసి ఉండదని నా నమ్మకం.

ఏటిగట్టు:
భర్తృహరి మధ్యముల గురించి “విరమంతి” అన్నదీ అదే. వాళ్లు ఓడరు, ఆగుతారు.

పాతపలక:
ఆ ప్రశ్నార్థకం మరిచిపోవద్దు. “దెసుయొ…?” అది ఉపదేశం కాదు, అడగడం. అందుకు సుమా, సుమీ రెండూ చాలవు. నాకైతే పోతన గుర్తొస్తున్నాడు. “ఎందెందు వెదకి చూచిన నందందే కలఁడు దానవాగ్రణి వింటే!” ఆ వింటే చూడండి. చెప్పడం, అడగడం ఒక్క మాటలో.

నీలిసిరా:
వింటే అంటే “వింటేగనక” కదా?

పాతపలక:
కాదండి. వింటివే, విన్నావా అని. చాలామంది అలాగే పొరబడతారు. తండ్రిని అసురరాజా అని పిలిచి, చెప్పవలసింది చెప్పేసి, “విన్నావా” అంటున్నాడు ఆ పసివాడు. “అక్కడితో ఆట సరి, వింటే?” నాకు ఇదే సరిపోతుంది.

గోరింటపొద:
పాత డబ్బా వెతికితే ఒక ఫొటో దొరికింది. టోర్నమెంటు రోజున టీమంతా ట్యాంకు ముందు నిలబడ్డాం. వెనక గోడ మీద “వదిలేసుకుంటే అక్కడితో ఆట సరి సు” వరకు స్పష్టంగా ఉంది. ఆ తర్వాతి అక్షరానికి మాలో పొడుగ్గా ఉండే అమ్మాయి భుజం అడ్డమొచ్చింది. అక్క నంబరు మారింది, ఇద్దరు ముగ్గురిని అడిగాను, ఎవరి దగ్గరా లేదు.

గణవిభజన:
అయితే వింటే పోయింది. జూమ్ చేసి చూడండి గోరింట గారూ. మీ అయితే గుడిదీర్ఘం తోక పైకి లేస్తుంది, భుజం మీదుగా ఎర్రగా కొద్దిగానైనా కనపడాలి.

గోరింటపొద:
భుజం పైన ఎర్రగీత ఒకటి ఉంది. కానీ అక్కడే గోడ పెచ్చు కూడా ఊడింది.

ఏటిగట్టు:
అది గుడిదీర్ఘమే.

తాటాకు:
పెచ్చే.