పసిపిల్లలు ఉండగా ధ్యానం మొదలుపెట్టాలా, వాళ్లు పెద్దయ్యేదాకా ఆగాలా?

ప్రశ్న (ఇద్దరు పిల్లల తల్లి):
పెద్దాడికి నాలుగేళ్లు, చిన్నదానికి ఏడు నెలలు. ఆనాపానసతి, అంటే శ్వాసను గమనించడం, మొదలుపెట్టి మూడు వారాలైంది. కళ్లు మూసుకున్న రెండో నిమిషానికే ఎవరో ఒకరు ఏడుస్తారు. ధ్యాన గురువు గోయెంకా నేర్పిన పద్ధతిలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లాలని ఉంది. మావారు వెళ్లమనే అంటున్నారు, నాకే మనసొప్పడం లేదు. ఇప్పటికి మానేయడమే మంచిదా?

పాత సాధకుడు:
ఆగండి. శిబిరంలో రోజుకు సుమారు 10 గంటలు కూర్చోవాలి. మొదటి తొమ్మిది రోజులు మౌనం, ఫోన్ ఉండదు. ఇంటికొచ్చాక కూడా పొద్దున గంట, సాయంత్రం గంట. ఏడు నెలల బిడ్డతో అయ్యే పని కాదు. పిల్లల్ని చూసుకోవడమే ధ్యానం అనుకోండి.

ముగ్గురు పిల్లల తండ్రి:
శిబిరం ఇప్పుడు వద్దనే నేనూ అంటాను. పాలు తాగే బిడ్డ ఉండగా తొందరేముంది? కానీ ‘పిల్లల్ని చూసుకోవడమే ధ్యానం’ అన్న మాటను ఒప్పుకోలేను. నేనూ రెండేళ్లు అదే చెప్పుకున్నాను. ఆ రెండేళ్లలో కూర్చోవడం పూర్తిగా పోయింది, పిల్లల మీద అరవడం పెరిగింది. అరిచేశాక గానీ నాకు కోపం వచ్చిందని తెలిసేది కాదు.

అంగుత్తర నికాయం అనే బౌద్ధ గ్రంథంలో దీఘజాణు అనే గృహస్థు బుద్ధుడి దగ్గరికి వచ్చి, మేం పిల్లలతో ఇరుకైన పక్కల మీద పడుకునేవాళ్లం, మాకు తగిన ధర్మం చెప్పండి అంటాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మా పక్కా అంతే. బుద్ధుడు అతన్ని ఇల్లు వదిలి రమ్మనలేదు.

పాత సాధకుడు:
కళ్లు మూసుకుని కూర్చోమనీ అనలేదు కదా! ఆయన చెప్పినవి కష్టపడి పని చేయడం, సంపాదన కాపాడుకోవడం, మంచి స్నేహం, ఆదాయానికి తగిన ఖర్చు. ఆపైన శ్రద్ధ, శీలం, దానగుణం, ప్రజ్ఞ. ఇందులో ధ్యానం ఎక్కడుంది?

ముగ్గురు పిల్లల తండ్రి:
ప్రజ్ఞలో ఉంది. పుట్టేదాన్నీ పోయేదాన్నీ చూసే ప్రజ్ఞ అని అక్కడే ఉంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే మన ఛాతీ బిగుసుకోవడం, కాసేపటికి ఆ బిగుతు సడలడం కనిపించాలంటే ముందు ప్రశాంతంగా ఉన్నప్పుడు చూడటం అలవాటవ్వాలి. ధ్యాన గురువు దీపా మా (1911–1989) భర్త పోయాక, చిన్న కూతురు ఉండగానే బర్మాలో సాధన మొదలుపెట్టారు. తర్వాత కలకత్తాలో తన చిన్న ఇంట్లోనే గృహిణులకు నేర్పారు. ఆ పేరుకు అర్థమే ‘దీప వాళ్లమ్మ’.

అడిగిన అమ్మకు నేను చెప్పేది ఇది. రోజుకు పది నిమిషాలు చాలు. ఏడిస్తే లేవండి, అందులో తప్పేమీ లేదు. లేచేటప్పుడు ఒక్క ఊపిరి గమనించండి. ఎరుక గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తం నడకలోనూ, నిలబడటంలోనూ, కూర్చోవడంలోనూ, పడుకోవడంలోనూ ఎరుక ఉండాలంటుంది, కాబట్టి మీరు లేచినా సాధన ఆగదు. కునుకు వస్తే పడుకోండి. బౌద్ధంలో మగతను ఆటంకంగా చెబుతారు నిజమే, కానీ రాత్రి మూడుసార్లు లేచిన తల్లికి కావలసింది నిద్ర.

మీవారు పది రోజులు వెళ్లమంటున్నారు కదా, ముందు రోజూ పొద్దున ఆ పది నిమిషాలు పిల్లల్ని ఆయన్ని చూసుకోమనండి. అది నెల రోజులు నిలబడితే, చిన్నది పాలు మానాక శిబిరం సంగతి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.