కోకోపీట్ యూనిట్ డీపీఆర్‌కి మార్కెట్ లెక్కలు: లైబ్రరీ డేటాబేసుల్లో ఎలా వెతకాలి?

కోనసీమ పొట్టు అనే పేరుతో ఒకరు అడిగిన ప్రశ్న

అంబాజీపేట దగ్గర కోకోపీట్ (కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు) యూనిట్ పెట్టాలని ఉందండి. డొక్కలు కొని పీచు తీసే మిల్లు కాదు. మిల్లుల దగ్గర పొట్టు కొని, కడిగి, ఆరబెట్టి, 5 కిలోల బ్లాకులు కొట్టడం వరకే. పీఎంఈజీపీ (చిన్న యూనిట్లకి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) లోనుకి డీపీఆర్ (ప్రాజెక్టు రిపోర్టు) ఇస్తే, మార్కెట్ అధ్యాయంలో ప్రతి అంకె పక్కనా "ఇది ఎక్కడిది?" అని రాసి బ్యాంకు వాళ్లు వెనక్కి పంపారు. నెట్‌లో వెతికితే రిపోర్టులు అమ్ముకునే వాళ్ల ప్రకటనలే తగులుతున్నాయి. ప్రపంచ మార్కెట్ ఇంత అని ఒకళ్లు చెప్పినదానికీ ఇంకొకళ్లు చెప్పినదానికీ పొంతనే లేదు.

యూనివర్సిటీ లైబ్రరీల్లో ప్రోక్వెస్ట్, ఎబ్స్కో, ప్రోవెస్ లాంటి డేటాబేసులు ఉంటాయంటున్నారు. బయటివాళ్లని రానిస్తారా? రానిస్తే ఏ మాట కొట్టి వెతకాలి? ఇంకోటి, కోనసీమ జిల్లా పేరు మీద 2022కి ముందు లెక్కలే కనపడటం లేదు. పదేళ్ల వరస చూపించేదెలా?

పుస్తకాల బీరువా అనే పేరుతో వచ్చిన జవాబు

ముందు లోపలికి వెళ్లే సంగతి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం పాత తెలుగు పుస్తకాలకీ పత్రికలకీ పెట్టింది పేరు. ఈ పనికి మాత్రం అది కాదు. మీరు చెప్పిన డేటాబేసులు ఏడాది చందాతో నడుస్తాయి, వాటిని కొనేది యూనివర్సిటీలు, మేనేజ్‌మెంట్ కాలేజీలు. కాకినాడ జేఎన్‌టీయూ, రాజమండ్రి నన్నయ యూనివర్సిటీ మీకు దగ్గర కాబట్టి ముందు వాటికి ఫోన్ చేయండి. "బిజినెస్ డేటాబేసులు ఉన్నాయా?" అని అడగకండి, ఉన్నాయనే చెబుతారు. "ఎబ్స్కో బిజినెస్ సోర్స్ ఉందా? ప్రోక్వెస్ట్ ఏబీఐ ఇన్ఫార్మ్ ఉందా? ప్రోవెస్ ఐక్యూ ఉందా?" అని పేరు పెట్టి అడగండి. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (విద్యాసంస్థలకి కేంద్రం జర్నళ్లు అందించే పథకం) ఉందిగా అని ఎవరైనా అంటే, అది 2025 జనవరి 1న మొదలైంది, 30 ప్రచురణ సంస్థల 13,000 దాకా జర్నళ్లు వస్తాయి, కానీ అవి పరిశోధన పత్రాలు. పొట్టులో ఉప్పు ఎలా తగ్గించాలో అందులో దొరుకుతుంది, టన్ను ధర దొరకదు.

రెండో ప్రశ్న, లైసెన్సులో వాకిన్ యూజర్‌కి అనుమతి ఉందా అని. చాలా ఒప్పందాల్లో సభ్యుడు కానివాడు కూడా లైబ్రరీలో కూర్చుని ఆ కంప్యూటర్ మీద చూసుకోవచ్చు, ఇంటి నుంచి మాత్రం కుదరదు. ఇక్కడే ఒక చిక్కుంది. కాలేజీ లైసెన్సు చదువుకీ పరిశోధనకీ ఇచ్చినది. రిపోర్టు పేజీలు యథాతథంగా డీపీఆర్‌కి అతికిస్తే అది వ్యాపార వాడకం కిందకి వస్తుంది. ఫలానా పని మీద వచ్చానని ముందే చెప్పి, ఏది రాసుకోవచ్చో అడిగి, అంకె, ప్రచురణ పేరు, తేదీ, పేజీ రాసుకుని రండి. బ్యాంకు అడిగింది కూడా అదే కదా.

ఇప్పుడు వెతికే మాటలు. కాయర్ పిత్ (కాయర్ అంటే కొబ్బరి పీచు, పిత్ అంటే పొట్టు), కోకోపీట్ (కలిపి ఒకసారి, విడగొట్టి ఒకసారి), కోకో కాయర్, కోకనట్ ఫైబర్, వీటన్నిటినీ మధ్యలో ఓఆర్ పెట్టి ఒకే వరసలో కొట్టండి. రెండు మాటల పదాలకి కొటేషన్ గుర్తులు మర్చిపోకండి, లేకపోతే కోకనట్ అన్న ప్రతి నూనె వ్యాసమూ వచ్చి పడుతుంది. ఫైబర్ స్పెల్లింగు అమెరికాది ఒకటి, బ్రిటన్‌ది ఒకటి, రెండూ ఉండాలి. రెండు మాటలు దగ్గర దగ్గరగా ఉన్న వ్యాసాలే కావాలంటే ఎబ్స్కోలో మధ్యన ఎన్5, ప్రోక్వెస్ట్‌లో నియర్, స్లాష్, 5. ఒకదానిది ఇంకోదానిలో పనిచేయదు.

ఇంత చేసినా కాయర్ పేరు మీద మొత్తం పరిశ్రమ రిపోర్టు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. అంత చిన్న సరుకుకి విడిగా రాసేవాళ్లు తక్కువ. మీ బ్లాకు కొనేవాడు దాన్ని కొబ్బరి సరుకుగా చూడడు, మొక్క పెరిగే మాధ్యమంగా చూస్తాడు. కాబట్టి గ్రోయింగ్ మీడియా, పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి తీసేది, కుండీల్లో మట్టికి బదులు వాడతారు), గ్రీన్‌హౌస్, సాయిల్‌లెస్ అన్న మాటలతో ఇంకోసారి వెతకండి. ఎబ్స్కోలో ప్రచురణ రకం దగ్గర ఇండస్ట్రీ ప్రొఫైల్, మార్కెట్ రిసెర్చ్ రిపోర్ట్ అన్నవి టిక్కు పెడితే పత్రికా వార్తలు పోతాయి.

అలా వెతికినప్పుడు తేదీ చూసుకోండి. బ్రిటన్‌లో పీట్ నిషేధం వచ్చేస్తోంది, కోకోపీట్‌కి గిరాకీ పెరిగిపోతుంది అని రాసిన వ్యాసాలు బోలెడు కనపడతాయి. ఇంగ్లండ్‌లో ఇంటి తోటల వాళ్లకి 2024 నాటికి పీట్ అమ్మకం ఆపేస్తామని 2022 ఆగస్టులో ప్రకటించిన మాట నిజమే. ఆ గడువుకి చట్టం రాలేదు. 2022 నాటి వ్యాసం పట్టుకుని గిరాకీ అంచనా వేస్తే బ్యాంకు వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

రేవు కాగితాలు

పైవారు మాటలు చెప్పారు, నేను కోడ్ చెబుతానండి. ఎగుమతి లెక్కలకి పేరు కన్నా హెచ్ఎస్ కోడే (కస్టమ్స్‌లో ప్రతి సరుకుకీ ఇచ్చే అంకె) నమ్మకం. కోకోపీట్‌కి మన దేశపు ఎనిమిది అంకెల కోడ్ 53050040. వాణిజ్య శాఖ ట్రేడ్‌స్టాట్ సైటులో ఎక్స్‌పోర్ట్, కమోడిటీ వైజ్, ఎనిమిది అంకెలు ఎంచుకుంటే ఏ దేశానికి ఎంత వెళ్లిందో ఏడాదివారీగా ఉచితంగా వస్తుంది. చందా అక్కర్లేదు.

అక్కడ విలువ లక్షల రూపాయల్లో, పరిమాణం వేల కిలోల్లో ఉంటుంది. కిలో ధర కావాలంటే విలువని పరిమాణంతో భాగించి వందతో గుణించాలి. లెక్క కోసం అనుకుందాం, 500 లక్షలు, 2,000 వేల కిలోలు అయితే కిలో 25 రూపాయలు. వంద మర్చిపోయి పావలా అని రాసిన డీపీఆర్‌లు ఉన్నాయంటే నమ్మండి.

కోనసీమ పొట్టు

ట్రేడ్‌స్టాట్ దొరికిందండి, ఆయ్. ప్రపంచ లెక్కకి యూఎన్ కామ్‌ట్రేడ్‌లో 530500 కొడితే ఎగుమతిదారుల్లో ఫిలిప్పీన్స్, ఈక్వెడార్ కూడా వస్తున్నాయి. ఈక్వెడార్‌ నుంచి కూడా మనకి కోకోపీట్ పోటీ ఉందా?

రేవు కాగితాలు

అది కోకోపీట్ కాదండి, అబాకా, అంటే అరటి జాతి మొక్క నార. ప్రపంచమంతా ఒకేలా ఉండేవి మొదటి ఆరు అంకెలే. ఆ 530500 కింద కొబ్బరి పీచు, అబాకా, రామీ, సైసల్ అన్నీ ఒకే గంపలో ఉంటాయి. సైసల్‌కి వేరే హెడింగు 5304 ఉండేది, 2007 సవరణలో దాన్ని తీసేసి ఇందులో కలిపేశారు. అందుకే 2006కీ 2007కీ మధ్య ఆ గీత ఎగిరితే అది గిరాకీ కాదు, కోడ్ మారడం. ఆరు అంకెల మొత్తాన్ని కోకోపీట్ మార్కెట్ అని ఎక్కడా రాయకండి. కొనే దేశాన్ని బట్టి చూడాలంటే, ఆ దేశం ఇండియా నుంచీ శ్రీలంక నుంచీ దిగుమతి చేసుకున్నదే తీసుకోండి. ఆ రెండింటి నుంచి వచ్చేదాంట్లో కొబ్బరిదే పెద్ద వాటా.

ఇంకో రెండు మెలికలున్నాయి. ట్రేడ్‌స్టాట్ ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి, కామ్‌ట్రేడ్ ఏడాది జనవరి నుంచి డిసెంబరు. రెండూ ఒక పట్టికలో పెట్టకండి. మన ఎగుమతి విలువ ఎఫ్ఓబీ (ఓడలోకి ఎక్కించేవరకు అయ్యే విలువ), వాళ్ల దిగుమతి విలువ సాధారణంగా ఓడ కిరాయి, బీమా కలిపిన సీఐఎఫ్. కోకోపీట్ చవకైన సరుకు, కంటైనర్‌నిండా స్థలం తింటుంది కాబట్టి ఆ తేడా రొయ్యల్లో కంటే ఇక్కడ బాగా కొట్టొచ్చినట్టు ఉంటుంది. దాన్ని లాభం అనుకోకూడదు.

పై లెక్కలో వచ్చే కిలో ధర కూడా మీ ధర కాదు. కడగని పొట్టు, కడిగిన పొట్టు, కాల్షియం నైట్రేట్‌తో బఫర్ చేసినది (శుద్ధి చేసినది), అన్నీ ఒకే కోడ్‌లో వెళ్తాయి. ఈసీ (పొట్టులో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 0.5 లోపు ఉన్న కడిగిన బ్లాకు ధర వేరు, కడగనిదాని ధర వేరు. సగటు రాసి, కింద ఈ మాట కూడా రాయండి. గిరాకీని టన్నుల్లో కాకుండా కంటైనర్లలో చెబితే బ్యాంకు వాళ్లకి త్వరగా తలకెక్కుతుంది. 40 అడుగుల కంటైనర్‌కి సుమారు 24 టన్నులు, అంటే 4,800 బ్లాకులు.

బ్యాలెన్స్ షీటు

పోటీదార్ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ప్రోవెస్‌లో కంపెనీల వార్షిక నివేదికల లెక్కలుంటాయి. రొయ్యల మేతో ఎగుమతో అయితే అవంతి ఫీడ్స్, అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ లాంటి లిస్టెడ్ కంపెనీలు ఉన్నాయి, అక్కడ ప్రోవెస్ బంగారం. పీచు, పొట్టు వ్యాపారం ఎక్కువ భాగం సొంత సంస్థలూ భాగస్వామ్యాలూ. అవి ఆ డేటాబేసులో ఉండవు. దాని కోసం కాకినాడ దాకా బస్సెక్కకండి.

దానికి బదులు క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి రేటింగ్ సంస్థల సైట్లలో కాయర్ అని కొట్టండి. బ్యాంకు అప్పు ఉన్న మధ్యతరహా సంస్థలకి వాళ్లు ఇచ్చే రేషనేల్ (ఆ రేటింగు ఎందుకిచ్చారో చెప్పే నోటు) ఉచితం. రెండు మూడు పేజీల్లో టర్నోవరు, లాభాల మార్జిను, సరుకు ఎన్ని రోజులు నిలవ ఉంటోంది, బాకీలు ఎన్నాళ్లకి వస్తున్నాయి అన్నీ ఉంటాయి. మీ వర్కింగ్ క్యాపిటల్ రోజులకి ఇంతకన్నా మంచి ఆధారం లేదు. పేరు పక్కన "ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్" అని ఉంటే మాత్రం ఆ సంస్థ కొత్త లెక్కలు ఇవ్వలేదని అర్థం. అందులోవి పాత అంకెలు, వదిలేయండి. ప్రైవేటు లిమిటెడ్ అయితే ఎంసీఏ (కంపెనీ వ్యవహారాల శాఖ) సైటులో 100 రూపాయలు కట్టి వాళ్ల ఏఓసీ-4 (ఏటా దాఖలు చేసే లెక్కల ఫారం) చూడొచ్చు.

పరిశ్రమల వార్షిక సర్వే ఏఎస్ఐలో ప్రధానంగా కరెంటుతో 10 మంది, కరెంటు లేకుండా 20 మంది పనిచేసే ఫ్యాక్టరీలే ఉంటాయి. మన పీచు మిల్లులు చాలావరకు ఆ గీత కిందే. అందులో పరిశ్రమ చిన్నగా కనపడితే నిజంగా చిన్నదని కాదు.

గోదారి గట్టు

జిల్లా ప్రశ్నకి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత తూర్పు గోదావరి నుంచి కోనసీమ, కాకినాడ విడిపోయాయి, రంపచోడవరం వైపు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది, కొవ్వూరు, నిడదవోలు పడమర నుంచి వచ్చి కలిశాయి. పేరు అదే, నేల వేరు. తూర్పు గోదావరి అన్న పేరు పట్టుకుని గీత గీస్తే 2022లో కొబ్బరి తోటలు ఒక్కసారి మాయమైనట్టు వస్తుంది.

జిల్లా వరస వదిలి మండలాల వరస కట్టండి. ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వేసే జిల్లా గణాంకాల పుస్తకంలో పంటల విస్తీర్ణం మండలాలవారీగా ఉంటుంది. అంబాజీపేట, అయినవిల్లి, పి.గన్నవరం, అల్లవరం ఇలా మీకు పొట్టు వచ్చే మండలాలు ఎంచుకుని పాత తూర్పు గోదావరి పుస్తకాల నుంచీ కొత్త కోనసీమ పుస్తకాల నుంచీ అవే మండలాలు కూడండి. విస్తీర్ణం నుంచి కాయలు, కాయల నుంచి పీచు, కిలో పీచుకి సుమారు రెండు కిలోల పొట్టు. అందులో మిల్లులకి చేరే డొక్కలు ఎన్నో తగ్గించి వేయండి, పొయ్యిలోకి పోయేవి కూడా ఉన్నాయి కదా.